మనిషి పోయాక చేసే తంతులు ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో మనిషి పోయిన గంటలోపే ఫోన్లు మొదలవుతాయి, ఎప్పుడు తీస్తున్నారు, తలకొరివి ఎవరు పెడుతున్నారు, పెద్దకర్మ ఎక్కడ అని. అప్పటికి మన బుర్ర పనిచేయదు, పంతులుగారు ఏం చెప్తే అది, ఎవరో పెద్దాయన ఏం అంటే అది చేసేస్తాం, ప్రశ్నలన్నీ తర్వాత వస్తాయి. అలా తర్వాత వచ్చే ప్రశ్నలే ఇవి. కులాన్ని బట్టి, ఊరిని బట్టి, ఇంటి ఆనవాయితీని బట్టి వివరాలు చాలా మారతాయి, మా ఇంట్లో ఇలా కాదే అనిపిస్తే మీ ఇంట్లో పద్ధతే మీకు కరెక్టు.

అసలు తంతు అంటే ఏంటి? రోజువారీ అలవాటుకి దీనికి తేడా ఏంటి?

రోజూ స్నానం చేస్తాం, అది అలవాటు, షవర్ కింద నిలబడినా బకెట్‌తో పోసుకున్నా ఒళ్లు శుభ్రమైతే చాలు. అదే శ్మశానంలో కొడుకు భుజాన నీళ్ల కుండ పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు, ఒక్కో చుట్టుకి వెనకాల ఉన్నాయన కుండకి ఒక చిల్లు పెడతాడు, చివర్లో కుండ వెనక్కి వదిలేసి తిరిగి చూడకుండా నడిచి వచ్చేయాలి. ఆ నీళ్లతో ఏ అవసరమూ తీరదు, ఎలా చేశాం అనేదే అక్కడ మొత్తం విషయం.

తిరిగి చూడకూడదు అనే ఒక్క నియమం తీసుకోండి. తండ్రిని చితి మీద పెట్టినవాడికి అక్కడి నుంచి కదలబుద్ధి కాదు, పక్కవాళ్లకేమో ఇక చాలు పద అనడానికి నోరు రాదు. ఎవరూ చెప్పలేని ఆ మాట తంతు చెప్పేస్తుంది. ఇంకెవరి మీదా ఆ నింద పడదు.

అన్నీ ఒక్కరోజులో ముగించొచ్చు కదా, పది పదకొండు రోజులు ఎందుకు లాగుతారు?

ఇది చాలామంది అడుగుతారు, ముఖ్యంగా లీవు దొరకనివాళ్లు. సంప్రదాయం చెప్పే లెక్క ఇది: దహనం అయిన వెంటనే పోయినవాళ్లు పితృదేవతలు అయిపోరు, ఆ పది పన్నెండు రోజులూ ప్రేతం, అంటే ఇటు మనలోనూ లేరు అటు పెద్దల్లోనూ చేరలేదు. రోజుకో పిండంతో ఆ జీవుడికి ఒక్కో అవయవం ఏర్పడుతుందని గరుడ పురాణం చెప్తుంది. పదో రోజు బంధువులు ధర్మోదకాలు, అంటే నువ్వుల నీళ్లు వదులుతారు, పన్నెండో రోజు సపిండీకరణంలో ప్రేత పిండాన్ని మూడు భాగాలు చేసి పైమూడు తరాల పిండాల్లో కలుపుతారు. అక్కడితో ఆయన పెద్దల వరసలో కూర్చున్నట్టు.

ఇప్పుడు వేరే వైపు నుంచి చూడండి. 1907లో రాబర్ట్ హెర్ట్జ్ అనే ఫ్రెంచి పరిశోధకుడు బోర్నియో దీవిలోని దయాక్ జనం గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు, వాళ్లు శవాన్ని ముందు తాత్కాలికంగా ఒకచోట ఉంచుతారు, ఎముకలు మిగిలాక తీసి పెద్ద పండగ చేసి రెండోసారి శాశ్వత చోటికి చేరుస్తారు, ఆ మధ్య కాలమంతా చనిపోయినవాళ్ల ఆత్మా కుదురుగా ఉండదు, ఇంట్లోవాళ్లూ నలుగురిలో తిరగరు. (పాపం రాసినాయన కూడా ముప్పై మూడేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధంలో పోయాడు.) రెండేళ్ల తర్వాత 1909లో ఆర్నాల్డ్ వాన్ గెన్నెప్ అనే ఇంకో పరిశోధకుడు ఇంకో అడుగు ముందుకేసి పుట్టుక, రజస్వల, పెళ్లి, చావు, ఏ తంతు చూసినా మూడు మెట్లు ఉంటాయన్నాడు: పాత చోటు నుంచి విడదీయడం, ఎటూ కాని మధ్యకాలం, కొత్త చోట కలపడం. మన దహనం, పది రోజుల మైల, సపిండీకరణం ఈ మూడు మెట్లకి ఎంత సరిపోతాయో చూడండి, ఆయన మన పంతుళ్లని అడిగి రాశాడా అనిపిస్తుంది.

ఈ మధ్యకాలం పోయినవాళ్లకి ఎంతో ఉన్నవాళ్లకీ అంతే. నిన్నటిదాకా భార్య, ఇవాళ ఏంటి? నిన్నటిదాకా చిన్నవాడు, ఇవాళ ఇంటి పెద్ద. ఒక్కరోజులో మనసు దానికి అలవాటు పడదు, అందుకే కొన్నాళ్లు నిన్ను ఎవరూ ఏ పనీ అడగరు నువ్వూ ఎవరికీ ఏమీ చూపించుకోనక్కర్లేదు అని ఊరంతా ఒప్పుకున్న సెలవు అది.

అంటే తగ్గించకూడదా? మూడు రోజుల్లో అన్నీ చేసేస్తున్నారు కదా?

తగ్గించుకోవచ్చు, మనకంటే ముందే పెద్దవాళ్లు తగ్గించారు. శాస్త్రం ప్రకారం సపిండీకరణం అసలు ఏడాది చివర చేయాల్సింది, పన్నెండో రోజు చేయడం అందులోనే ఇచ్చిన ఇంకో వెసులుబాటు, ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారు. కాబట్టి మా తాతల కాలం నుంచి అక్షరం మారలేదు అనేవాళ్ల మాట నమ్మక్కర్లేదు.

ఏది తగ్గిస్తున్నారు అనేది మాత్రం చూసుకోండి. ఫ్లెక్సీ తగ్గించండి, వంటకాలు తగ్గించండి, దానాల లిస్టు తగ్గించండి. మనుషులు వచ్చి కూర్చునే టైము మాత్రం తగ్గించొద్దు. నేను చూసినంతలో జనం సరిగ్గా తిరగేసి చేస్తున్నారు, పరామర్శకి వచ్చేవాళ్లని వద్దంటున్నారు, భోజనాలు మాత్రం ఫంక్షన్ హాల్లో ఘనంగా పెడుతున్నారు.

వీటికి శాస్త్రీయ కారణాలు ఉన్నాయంటారు, నిజమేనా?

వాట్సాప్‌లో వచ్చేవి చాలావరకు ముందు తంతు పెట్టుకుని దానికి సైన్సు అతికించినవే. శ్మశానం నుంచి వచ్చి స్నానం చేయడంలో శుభ్రత ఉంది, కాదనను. కానీ శుభ్రత కోసమే అయితే సబ్బు గురించి చెప్పాలి కదా, బట్టలతో సహా తలారా మునగమని ఎందుకు చెప్తారు?

దింపుడు కళ్లం చూడండి. దారి మధ్యలో పాడె దించి దగ్గరివాళ్లు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. డాక్టర్లు లేని రోజుల్లో ఊపిరి ఉందేమో అని చివరిసారి చూసుకోవడానికి పెట్టారంటారు, అయ్యుండొచ్చు. మరి ఇప్పుడు ఆసుపత్రిలో చనిపోయి, సర్టిఫికెట్ చేతికొచ్చి, ఫ్రీజర్ బాక్సులో రాత్రంతా ఉంచిన మనిషిని కూడా దించి పిలుస్తున్నాం. లేస్తారని కాదు. కూతురు నాన్నా అని గట్టిగా పిలవడానికి నలుగురి ముందు దొరికే ఆఖరి ఛాన్సు అదే. దానికి సైన్సు సపోర్టు ఎందుకండీ, అది లేకపోయినా నిలబడుతుంది.

మంత్రాలు ఒక్క ముక్క అర్థం కాదు, అర్థం కాకుండా చేస్తే ఉపయోగం ఏంటి?

దీని మీద పెద్ద పెద్ద పండితులే కొట్టుకున్నారు. ఫ్రిట్స్ స్టాల్ అనే డచ్ పండితుడు 1975లో కేరళలోని పాంజాళ్‌లో నంబూద్రి బ్రాహ్మణులు చేసిన అగ్నిచయనం అనే వేదకాలపు యజ్ఞాన్ని పన్నెండు రోజులు కూర్చుని రికార్డు చేశాడు, చేసి చివరికి తేల్చింది ఏంటంటే తంతుకి అర్థం అంటూ ఏమీ ఉండదు, నియమాలు తప్పకుండా చేయడమే అందులో ఉన్నది అని. నాకు అది సగమే కరెక్టు అనిపిస్తుంది. యజ్ఞం సంగతేమో గానీ తండ్రికి పిండం పెట్టేవాడికి మంత్రం అర్థం కాకపోయినా తను ఏం చేస్తున్నాడో బాగానే తెలుసు.

అలాగని అర్థం తెలుసుకోవడం తప్పేం కాదు, పంతులుగారిని ముందే అడగండి, చాలామంది సంతోషంగా చెప్తారు. తెలుగులోనే కావాలంటే దానికీ చరిత్ర ఉంది, త్రిపురనేని రామస్వామి చౌదరి గారు పెళ్లి తంతు మొత్తం తెలుగులో రాసి పెళ్లిళ్లు చేయించారు.

కాకి ముట్టకపోతే ఏం చేయాలి?

అందరికీ టెన్షన్ పెట్టే ప్రశ్న. అన్నం ముద్ద బయట పెట్టి అందరూ దూరంగా నిలబడతారు, చాలా ఇళ్లలో పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ పెడతారు, కోడికూర, కల్లు, బీడీ కట్ట దాకా. తెలంగాణలో పిట్టకు పెట్టుడు అంటారు. కాకి వచ్చి ముట్టుకుంటే తృప్తిపడ్డారని, రాకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని.

నగరాల్లో అపార్ట్‌మెంట్ల మధ్య కాకులే కనిపించట్లేదు కాబట్టి రాకపోవడానికి పోయినవాళ్ల అలకే కారణం అనుకోనక్కర్లేదు, కాసేపు చూసి ఆవుకి పెట్టేవాళ్లున్నారు, నీళ్లలో వదిలేవాళ్లున్నారు, తప్పులేదు.

కానీ కాకి ఆలస్యం అయినప్పుడు ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? ముందు ఎవరో, చిన్నదాని పెళ్లి గురించి బెంగపెట్టుకున్నట్టున్నాడు అంటారు. పెద్దకొడుకు చేతులు జోడించి, చెల్లి పెళ్లి నేను చేస్తాను నాన్నా అంటాడు. ఇంకా రాదు. పొలం గట్టు దగ్గర తగాదా పడ్డ బాబాయి ముందుకొచ్చి, అన్నా ఆ గొడవ ఇక ఎత్తను అంటాడు. అమ్మని ఎవరు చూసుకుంటారో అప్పటిదాకా ఎవరూ తేల్చని సంగతి అక్కడ తేలుతుంది. ఊరంతా వింటుంటే ఇచ్చిన మాట అది, రేపు తప్పితే నాలుగు నోళ్లు అడుగుతాయి. లాయరు దగ్గర కూర్చున్నా రాని ఒప్పందాలు ఆ అన్నం ముద్ద ముందు అవుతాయి, ఈలోగా కాకి వచ్చినా రాకపోయినా. అన్ని తంతుల్లోకి నాకు బాగా నచ్చేది ఇదే, దీన్ని ఎవరైనా మూఢనమ్మకం అంటే నేను వాదించను, కానీ దీని బదులు ఇంకేం పెడతారో చెప్పమంటాను.

కూతురు తలకొరివి పెట్టొచ్చా?

పెట్టొచ్చు. పెడుతున్నారు కూడా. 2018 ఆగస్టులో వాజపేయి గారి చితికి దత్తపుత్రిక నిప్పు పెట్టారు, 2021 డిసెంబరులో జనరల్ బిపిన్ రావత్ దంపతులకి వాళ్ల ఇద్దరు కూతుళ్లే చేశారు, దేశమంతా టీవీలో చూసింది. కొడుకులు లేని ఇంట్లో కూతురు ఉండగా దూరపు పాలివాడిని వెతికి పట్టుకొచ్చి పెట్టించడం, ఆ తర్వాత ఆ పాలివాడే ఆస్తిలో వాటా అడగడం, ఈ కథ ప్రతి మండలంలో ఒకటి ఉంటుంది. పంతులుగారు ఒప్పుకోకపోతే ఒప్పుకునే ఇంకొకరు దొరుకుతారు, వెతకండి.

భర్త పోయిన ఆవిడకి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం చేయించాలా?

వద్దు. ఇందులో రెండో మాట లేదు.

ఇక్కడిదాకా తంతు మనిషికి ఆసరా అని చెప్పుకుంటూ వచ్చాను, ఇది మాత్రం ఆసరా కాదు, అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్న మనిషిని పదో రోజు ముత్తయిదువలా అలంకరించి కూర్చోబెట్టి అందరి ముందు ఒక్కొక్కటీ తీసేయడం. కొత్త చోట కలపడం అనే మూడో మెట్టు అందరికీ ఉంది, ఆవిడకి మాత్రం ఆ కొత్త చోటు మూలన. పేరంటానికి పిలవరు, సొంత కూతురి పెళ్లిలో పీటల మీద కూర్చోనివ్వరు. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అప్పటి నుంచి ఇప్పటికి ఎన్ని తరాలు అయ్యాయో లెక్కేసుకోండి. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ 2022 మేలో ఈ ఆచారాలన్నీ మానేస్తున్నాం అని తీర్మానం చేసింది, తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలని కూడా ఆ దారిలో నడవమని చెప్పింది. మన ఊళ్లలో పంచాయతీ దాకా వెళ్లక్కర్లేదు, ఇంట్లో ఒక్క కొడుకో కోడలో మా అమ్మకి ఇది చేయొద్దు అని గట్టిగా అంటే చాలాసార్లు ఆగిపోతుంది, మిగతావాళ్లు కూడా ఎవరైనా అంటే బాగుండు అని చూస్తూనే ఉంటారు.

ఇలాంటిదే ఇంకోటి. చావు డప్పు కొట్టడం, గొయ్యి తవ్వడం, కాటి పని, ఇవన్నీ తరాలుగా దళితుల నెత్తిన వేసి వాళ్లకి ఇష్టం ఉందా అని ఎవరూ అడగలేదు. చాలా ఊళ్లలో కుర్రాళ్లు మేం కొట్టం అన్నారు, దాని మీద గొడవలు కూడా అయ్యాయి. మీ తంతు మీకు పవిత్రం అయితే ఆ పని చేసే మనిషికి అడిగినంత కూలి, నలుగురితో పాటు కుర్చీ, అదే పంక్తిలో భోజనం ఉండాలి. లేకపోతే ఆ డప్పు అడగొద్దు.

నాకు దేవుడి మీద, ఆత్మ మీద నమ్మకం లేదు. అయినా చేయాలా?

మీ ఇష్టం, కానీ ఒక విషయం. అప్పట్లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఉన్న మైకేల్ నార్టన్, ఫ్రాన్సెస్కా జినో కొన్ని ప్రయోగాలు చేసి 2014లో అచ్చువేశారు, ఆత్మీయులు పోయినవాళ్లు, ప్రేమలో విడిపోయినవాళ్లు, ఆఖరికి లాటరీ డబ్బు పోయినవాళ్ల మీద కూడా. ఏదో ఒక తంతులాంటిది చేసినవాళ్లకి బాధ తగ్గింది, వీటి మీద నమ్మకం లేదు అన్నవాళ్లకి కూడా. చేతిలోంచి అంతా జారిపోయింది అనే భావన కాస్త సర్దుకోవడం దీనికి కారణం అని వాళ్లు తేల్చారు.

ఇంకో ఉదాహరణ మన తెలుగాయనదే. సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి గారు 2024 సెప్టెంబరు 12న పోయారు, దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చేశారు, మంత్రం లేదు పిండం లేదు. కానీ చదువుకున్న జేఎన్‌యూకి తీసుకెళ్లారు, పార్టీ ఆఫీసులో ఎర్రజెండా కప్పి ఉంచారు, పిడికిళ్లు ఎత్తి లాల్ సలాం అన్నారు. అదీ తంతే. దేవుణ్ణి తీసేసినా మనుషులు చుట్టూ చేరడం, ఒకటే మాట కలిసి అనడం, చేతులతో ఏదో ఒకటి చేయడం పోలేదు.

మీకు నమ్మకం లేకపోయినా అమ్మకి ఉంటే, అమ్మ కోసం పదకొండు రోజులు కూర్చోండి. అది నటన కాదు.

చావు ఇంటికి వెళ్తే ఏం మాట్లాడాలి? నాకు మాటలు రావు.

మాట్లాడక్కర్లేదు, ఆ మర్యాద ఎప్పుడో పెట్టి ఉంచారు. వెళ్లండి, కూర్చోండి, వాళ్లు చెప్తే వినండి. ఎలా జరిగిందో వాళ్లు వచ్చిన ప్రతివాళ్లకీ మొదటి నుంచి చెప్తారు, ఆపొద్దు, అలా చెప్పగా చెప్పగానే అది నిజమని వాళ్లకి ఎక్కుతుంది. లేచేటప్పుడు వెళ్లొస్తాం అనకూడదు, ఊరికే లేచి వచ్చేయడమే. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి వండింది తీసుకెళ్లండి, ఇప్పుడైతే స్విగ్గీలో పంపేవాళ్లు కూడా ఉన్నారు, అదీ మంచిదే. యూదుల్లో కూడా ఏడు రోజులు ఇంట్లోనే ఉంటారు, చుట్టుపక్కలవాళ్లు భోజనం తెస్తారు, దుఃఖంలో ఉన్న మనిషి నోరు తెరిచేదాకా వచ్చినవాళ్లు పలకరించకూడదు. ఎక్కడి జెరూసలేం ఎక్కడి జనగామ.

పోయినవాళ్లని మరీ పొగుడుతుంటే నవ్వొస్తుంది నిజమే, చచ్చినవాడి కళ్లు చారెడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ నవ్వేదో ఆ ఇంటి నుంచి బయటికి వచ్చాక నవ్వుకోండి.

ముస్లింలలో, క్రైస్తవులలో ఎలా ఉంటుంది?

క్లుప్తంగా చెప్తాను, ఆ ఇళ్లలోవాళ్లు ఇంకా బాగా చెప్పగలరు. ముస్లింలు స్నానం చేయించి, కఫన్ అనే తెల్లబట్ట చుట్టి, జనాజా నమాజు చదివి వీలైనంత త్వరగా ఖననం చేస్తారు, పోయినవాళ్ల కోసం మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చహ్లుం అనే ప్రార్థనలు చాలా ఇళ్లలో చేస్తారు, కొందరు ఇవి మతంలో లేవని చేయరు. భర్త పోయిన స్త్రీకి ఇద్దత్, అంటే మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఆగే కాలం, నాలుగు నెలల పది రోజులు. క్రైస్తవులు సమాధి కార్యక్రమం తర్వాత ఆదరణ కూడిక పెట్టుకుంటారు, క్యాథలిక్కులు నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. హిందువుల్లోనూ అందరూ కాల్చరు, లింగాయతులు కూర్చోబెట్టి సమాధి చేస్తారు, పసిపిల్లల్ని పూడ్చడమే ఆనవాయితీ.

విదేశంలో ఉండి రాలేకపోయాను. కోవిడ్ టైములో నాన్నకి ఏమీ చేయలేకపోయాం. ఇప్పుడు ఏం చేయొచ్చు?

2020 లాక్‌డౌన్‌లో అంత్యక్రియలకి ఇరవై మందికి మించకూడదని రూల్ పెట్టారు, కోవిడ్‌తో పోయినవాళ్లకైతే చాలా ఇళ్లలో కొడుకులు కూడా దూరం నుంచి చూడాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ ఇళ్లలో ఏదో పూర్తికానట్టే మాట్లాడతారు, నాన్న మొహం చూడలేదురా అని. తంతు ఏం చేస్తుందో అది లేనప్పుడే బాగా తెలిసింది మనకి.

ఆలస్యం అయిందని తలుపులు మూసుకోలేదు. అసలు దేహమే దొరకనప్పుడు కూడా దర్భలతోనో మోదుగ ఆకులతోనో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి శాస్త్రంలో ఉంది. భాద్రపద బహుళ పక్షం పదిహేను రోజులూ పెద్దలవే, చివరి రోజు మహాలయ అమావాస్య, తెలంగాణలో పెత్రమాస అంటారు, పొద్దున పెద్దలకి బియ్యం ఇచ్చి సాయంత్రం అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. కోస్తాలో చాలామంది సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకుంటారు. గోదావరి పుష్కరాలు 2015 తర్వాత మళ్లీ 2027లో వస్తున్నాయి, అక్కడ పిండప్రదానం చేసేవాళ్లలో ఇలా ఏదో మిగిలిపోయినవాళ్లూ ఉంటారు. ఇవేవీ కుదరకపోతే ఒక ఆదివారం అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు ఒకచోట కూర్చుని నాన్నకి ఇష్టమైనవి వండుకోండి, వీడియో కాల్‌లో కాదు, ఒక్కసారైనా ఒకే గదిలో.

ఖర్చు ఎంత పెట్టాలి?

అప్పు చేయనంత. ఊరు ఏమనుకుంటుందో అని పెద్దకర్మకి వడ్డీకి తెచ్చి పెట్టేవాళ్లని చూస్తే కోపం వస్తుంది, ఆ భోజనం తిని వెళ్తూ పప్పులో ఉప్పు తక్కువైంది అనేవాళ్లకి కూడా మీ పరిస్థితి తెలుసు. పంతులుగారితో సంభావన ముందే మాట్లాడుకోండి, దానాల్లో గోదానం దగ్గర ఆవు బదులు మీకు తోచినంత ఇచ్చే వీలు ఉంటుంది. బేరమాడితే పాపం ఏం రాదు.

తద్దినం తేదీ ప్రకారమా తిథి ప్రకారమా?

తిథి ప్రకారం. మాసం, పక్షం, తిథి చూస్తారు, ఆ తిథి అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటాక ఏ రోజు ఉందో ఆ రోజు పెడతారు, అందుకే పొద్దున్నే క్యాలెండర్ చూసి చెప్పేస్తే ఒక్కోసారి రోజు తప్పుతుంది. అమెరికాలో ఉంటే అక్కడి ఊరికి లెక్కకట్టిన పంచాంగం చూసుకోండి, ఇక్కడిది పనికిరాదు. తిథి అసలు తెలియకపోతే మహాలయ అమావాస్య నాడు పెట్టొచ్చు. తేదీకే చేసుకుంటాం, మాకు అదే గుర్తుంటుంది అనేవాళ్లున్నారు, మానేయడం కంటే అది వెయ్యి రెట్లు నయం. డెత్ సర్టిఫికెట్‌లో తేదీ ఉంటుంది గానీ తిథి ఉండదు కాబట్టి, పోయిన టైము, తిథి, గోత్రం, పైమూడు తరాల పేర్లు ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేయండి, ముత్తాత పేరు ఏంటి అని ప్రతి ఏడూ అత్తయ్యకి ఫోన్ చేసే పని తప్పుతుంది.